హరిత సర్టిఫికెట్లా, స్థిర ధరా, దీర్ఘకాల ఒప్పందమా? పునరుత్పాదక ప్రాజెక్టుకు అప్పు పుట్టించే దారి ఎంచుకోవడం

సోలార్ ప్లాంటుకో గాలిమరలకో స్థలం కుదిరింది, గ్రిడ్‌కు కలపడానికి అనుమతి కూడా వచ్చింది అనుకుందాం. అసలు టెన్షన్ అక్కడి నుంచే మొదలవుతుంది. కరెంటు అమ్మితే వచ్చే డబ్బు ఒక్కటే అప్పు వాయిదాలకు చాలకపోతే మిగతాది ఎక్కడి నుంచి తేవాలి? చాలా దేశాల్లో దీనికి మూడు దారులు కనిపిస్తాయి. కరెంటుతో పాటు పుట్టే హరిత సర్టిఫికెట్‌ను మార్కెట్లో అమ్ముకోవడం ఒకటి. ప్రభుత్వం ప్రకటించిన ధరకో, వేలంలో తేలిన ధరకో ఏళ్ల తరబడి కరెంటు ఇవ్వడం రెండోది. కరెంటును, సర్టిఫికెట్‌ను కలిపి ఒకే పెద్ద కొనుగోలుదారుకు దీర్ఘకాలానికి రాసివ్వడం మూడోది.

వీటిని పోల్చేటప్పుడు ఎక్కువమంది ముందుగా అడిగేది ఎందులో ఎక్కువ వస్తుందని. ఆ లెక్క తర్వాత వేసుకోవచ్చు. ధర పడిపోయిన రోజున నష్టం ఎవరి నెత్తిన పడుతుందో ముందు తేల్చుకోవాలి. బ్యాంకు ఎంత అప్పు ఇస్తుంది, ఏ వడ్డీకి ఇస్తుంది, మీ జేబులోంచి ఎంత పెట్టాలి అన్నవన్నీ ఆ జవాబును బట్టే తేలతాయి. నా అభిప్రాయం మొదట్లోనే చెప్పేస్తాను: సర్టిఫికెట్ల మార్కెట్ పెద్ద కంపెనీలకు, ఇప్పటికే చవకైన టెక్నాలజీలకు బాగా నప్పుతుంది. అప్పు మీదే ఎక్కువగా ఆధారపడే చిన్న, మధ్యతరహా ప్రాజెక్టు సర్టిఫికెట్‌ను నేరుగా మార్కెట్లో అమ్ముకుని బతుకుదామనుకుంటే కష్టం.

సర్టిఫికెట్ ఎలా డబ్బవుతుంది

పునరుత్పాదక ప్లాంటు ఒక మెగావాట్-గంట, అంటే వెయ్యి యూనిట్లు, ఉత్పత్తి చేస్తే ఒక సర్టిఫికెట్ పుడుతుంది. కరెంటు మామూలు కరెంటుగా గ్రిడ్‌లోకి పోతుంది. దాని "పచ్చదనం" మాత్రం సర్టిఫికెట్ రూపంలో విడిగా అమ్ముడవుతుంది. దీన్ని కొనేవాళ్లు ఊరికే కొనరు. కరెంటు సరఫరా సంస్థలు తమ అమ్మకాల్లో ఇంత శాతానికి సర్టిఫికెట్లు చూపించాలని చట్టం కోటా పెడుతుంది. చూపించలేకపోతే జరిమానా. ప్రభుత్వం చెప్పేది ఎంత కావాలన్నదే, ధరను మార్కెట్ తేలుస్తుంది. స్థిర ధర పద్ధతిలో, అంటే ఫీడ్-ఇన్ టారిఫ్‌లో, ఇది తిరగబడుతుంది: ధర ప్రభుత్వం చెబుతుంది, ఎన్ని ప్లాంట్లు వస్తాయన్నది మార్కెట్ తేలుస్తుంది.

ఈ పద్ధతిని ఆస్ట్రేలియా 2001లో, బ్రిటన్ 2002లో, స్వీడన్ 2003లో, పోలండ్ 2005లో మొదలుపెట్టాయి. అమెరికాలో టెక్సస్ 1999లోనే చట్టం చేసింది. భారతదేశంలో కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి 2010లో నిబంధనలు తెచ్చింది, 2011లో ఎక్స్ఛేంజీల్లో ట్రేడింగ్ మొదలైంది. 2012లో నార్వే స్వీడన్‌తో కలిసింది, రెండు దేశాలకూ కలిపి ఒకే సర్టిఫికెట్ మార్కెట్ అయింది.

ఒక జాగ్రత్త. యూరప్‌లో "మూల ధ్రువీకరణ" పత్రాలనీ, ఇతర చోట్ల ఐ-ఆర్‌ఈసీలనీ ఇంకో రకం ఉన్నాయి. వాటి వెనక కోటా ఉండదు. మేము పచ్చ కరెంటే వాడుతున్నామని చెప్పుకోవాలనుకునే కంపెనీలు స్వచ్ఛందంగా కొంటాయి. పాత జలవిద్యుత్ కేంద్రాల నుంచి కూడా ఇవి కుప్పలుగా వస్తాయి కాబట్టి ధర సాధారణంగా అతి తక్కువ. కొత్త ప్లాంటు లెక్కల్లో వీటిని ఆదాయంగా రాసుకుంటే ఏ బ్యాంకూ ఒప్పుకోదు, ఒప్పుకోకపోవడమే న్యాయం. ఇక్కడి నుంచి సర్టిఫికెట్ అంటే కోటా ఉన్న మార్కెట్లో అమ్మేదే అనుకోండి.

ధర మెల్లగా దిగదు, ఒక్కసారిగా కూలుతుంది

సర్టిఫికెట్ల పక్షాన చెప్పే వాదన వినడానికి బాగుంటుంది. కొత్త ప్లాంటుకు అయ్యే ఖర్చులోంచి కరెంటు ధర తీసేస్తే మిగిలేదే సర్టిఫికెట్ ధర అవుతుంది. కరెంటు ధర పడితే సర్టిఫికెట్ ధర లేస్తుంది, అది లేస్తే ఇది పడుతుంది. మొత్తం మీద రాబడి నిలకడగా ఉంటుంది, అదీ ప్రభుత్వ ఖజానాకు భారం లేకుండా.

కోటా కంటే సర్టిఫికెట్లు తక్కువగా ఉన్నంతకాలం ఇది నిజమే. కోటా నిండిన మరుక్షణం కథ మారిపోతుంది. గాలి, ఎండ ప్లాంట్లకు ఇంధనం ఖర్చు లేదు. సర్టిఫికెట్‌కు ఏమీ రాకపోయినా అవి తిరుగుతూనే ఉంటాయి, సర్టిఫికెట్లు పుడుతూనే ఉంటాయి. బొగ్గు కేంద్రమైతే ధర బాగోలేదని ఆపేస్తుంది. ఇక్కడ ఆపేవాళ్లు ఉండరు. కొనేవాళ్లకు కావాల్సినదానికంటే ఒక్కటి ఎక్కువైనా అమ్మేవాళ్లందరూ పోటీపడి ధర దించేస్తారు. కొన్ని తక్కువైతే ధర జరిమానా వరకు ఎగబాకుతుంది. మధ్యలో నిలబడే చోటు చాలా ఇరుకు. మిగిలిన సర్టిఫికెట్లను తర్వాతి ఏళ్లకు దాచుకోనిచ్చే నిబంధన ఉంటే పతనం కొంత మెత్తబడుతుంది, అంతే.

స్వీడన్-నార్వే మార్కెట్ చూడండి. పద్ధతి చక్కగా నడిచింది, నిర్వహణ మీద ఫిర్యాదుల్లేవు. 2020 కల్లా ఏడాదికి 2,840 కోట్ల యూనిట్ల కొత్త ఉత్పత్తి రావాలన్నది ఉమ్మడి లక్ష్యం. అది 2019లోనే వచ్చేసింది. స్వీడన్ 2030కి పెట్టుకున్న అదనపు లక్ష్యం కూడా దాదాపు పదేళ్ల ముందే నిండిపోయింది. గాలిమరల ఖర్చు ఊహించనంత వేగంగా తగ్గడమే కారణం. ఫలితంగా సర్టిఫికెట్ ధర దాదాపు సున్నాకు చేరింది, 2021 చివరితో కొత్త ప్లాంట్లకు తలుపులు మూసేశారు. వినియోగదారుకు ఇది చవక బేరం. తొలి ఏళ్లలో మంచి ధర ఊహించుకుని, ఖరీదైన మరలు బిగించుకున్నవారికి మాత్రం ఆ విజయమే దెబ్బ కొట్టింది. ప్లాంటుకు 15 ఏళ్ల పాటు సర్టిఫికెట్లు ఇస్తామన్న మాట చెక్కుచెదరలేదు. వాటికి విలువ ఉంటుందని మాత్రం ఎవరూ హామీ ఇవ్వలేదు.

పోలండ్‌లో కారణం వేరు. బొగ్గు కేంద్రాల్లో జీవద్రవ్యాన్ని (కట్టె, పంట వ్యర్థాల్లాంటివి) కలిపి కాల్చినా సర్టిఫికెట్లు ఇచ్చారు. కొత్తగా పెద్ద పెట్టుబడి అక్కర్లేని ఆ పని విపరీతంగా పెరిగి మార్కెట్ సర్టిఫికెట్లతో నిండిపోయింది. 2012 మొదట్లో 280 జ్లోటీల దగ్గర ఉన్న ధర 2017కి 30 ప్రాంతానికి పడిపోయింది. అప్పు చేసి గాలిమరలు పెట్టినవాళ్లకు ఇది తట్టుకోలేని దెబ్బ. 2016లో పోలండ్ కొత్త ప్లాంట్లను వేలాల వైపు మళ్లించింది. అమెరికాలోని న్యూజెర్సీలో సోలార్ సర్టిఫికెట్ 2011లో 600 డాలర్లకు పైగా పలికింది. ఆ ధర చూసి అందరూ ప్యానెళ్లు బిగించారు. 2012 ముగిసేసరికి అది 100 డాలర్ల పరిసరాలకు దిగింది. టెక్సస్‌లోనూ 2025కి పెట్టుకున్న 10,000 మెగావాట్ల లక్ష్యం 2010 ప్రాంతంలోనే నిండింది. అక్కడ ఆ తర్వాత వచ్చిన గాలిమరలకు అసలు బలం కేంద్ర ప్రభుత్వ పన్ను రాయితీలు, దీర్ఘకాల ఒప్పందాలే.

కాబట్టి ఏ సర్టిఫికెట్ మార్కెట్లోకైనా దిగే ముందు ఇవాళ్టి ధర చూసి మురిసిపోవద్దు. కోటా ఇంకెంత మిగిలి ఉంది, నిర్మాణంలో ఉన్న ప్లాంట్లన్నీ పూర్తయితే ఏ ఏడాదికి నిండుతుంది అన్నది లెక్కేయండి. ఆ ఏడాది మీ అప్పు గడువు కంటే ముందుంటే, మిగిలిన ఏళ్లకు సర్టిఫికెట్ ఆదాయం సున్నా అని రాసుకోండి. నిరాశావాదంలా కనిపించినా, బ్యాంకు మీ ఫైలు చూసేది ఆ కళ్లతోనే.

అప్పు లెక్కలో తేడా ఎంత

చిన్న లెక్క వేద్దాం. ఒక ప్లాంటుకు ఏడాదికి 100 రూపాయలు వస్తాయని అంచనా: కరెంటు మీద 60, సర్టిఫికెట్ల మీద 40. ఈ ధైర్యంతో 70 రూపాయల వాయిదా పడేంత అప్పు చేశారు. సర్టిఫికెట్ల రాబడి 5కు పడితే చేతికొచ్చేది 65. వాయిదాకే 5 తక్కువైంది, నిర్వహణ ఖర్చుల మాట దేవుడెరుగు. అదే కరెంటు ఆదాయం మీద మాత్రమే అప్పు చేసి, వాయిదా 45 దగ్గర పెట్టుకుని ఉంటే అదే పతనంలో ప్లాంటు బతికేది. కానీ అప్పు తక్కువైతే సొంత డబ్బు అంత ఎక్కువ పెట్టాలి. సొంత డబ్బుకు ఆశించే రాబడి బ్యాంకు వడ్డీ కంటే ఎప్పుడూ ఎక్కువే.

అప్పు ఇచ్చేవాళ్లు దీన్ని ఒక నిష్పత్తిలో చూస్తారు. ధర ఖాయమైన ప్రాజెక్టులో ఒక రూపాయి వాయిదాకు చేతికి రూపాయి ముప్పై పైసలు వస్తే చాలంటారు. మార్కెట్ ధర మీద నడిచే ప్రాజెక్టులో రూపాయి ఎనభై, రెండు రూపాయలు కావాలంటారు. సంఖ్యలు దేశాన్ని బట్టి, కాలాన్ని బట్టి అటూ ఇటూ అవుతాయి, తేడా మాత్రం ఎక్కడైనా పెద్దదే.

వడ్డీ సంగతి ఇంకా ముఖ్యం. ఎండకూ గాలికీ బిల్లు కట్టనక్కర్లేదు కాబట్టి ఈ ప్లాంట్ల ఖర్చులో సింహభాగం పెట్టుబడే. 100 రూపాయల పెట్టుబడిని 20 ఏళ్లలో సమాన వాయిదాల్లో తీర్చాలంటే 6 శాతం ఖర్చు మీద ఏడాదికి 8.72 రూపాయలు పడుతుంది. 9 శాతమైతే 10.95. అంటే అదే ప్యానెల్, అదే ఎండ, కరెంటు మాత్రం దాదాపు 25 శాతం ఖరీదు. మార్కెట్ ఊగిసలాటకు భయపడి పెట్టుబడిదారు అడిగే అదనపు మూడు శాతం చివరికి వినియోగదారు బిల్లులో తేలుతుంది. సర్టిఫికెట్ మార్కెట్ పోటీ వల్ల చవక అవుతుందనే వాదనకు నాకు కనిపించే పెద్ద అభ్యంతరం ఇదే.

కనీస ధర ఉందంటే ఎవరు కొంటారని అడగండి

పతనాన్ని ఆపడానికి కొన్ని దేశాలు కనీస ధర పెట్టాయి. ఈ మాట వినగానే ఊపిరి పీల్చుకోకండి. కనీస ధరలు రెండు రకాలు, వాటి మధ్య తేడా నేలకూ నింగికీ ఉన్నంత.

బెల్జియంలోని ఫ్లాండర్స్‌లో సోలార్ సర్టిఫికెట్‌కు 2006 నుంచి 450 యూరోల కనీస ధర ఇచ్చారు, 20 ఏళ్లకు. బయట ఎవరూ కొనకపోతే గ్రిడ్ సంస్థ ఆ ధరకు కొని తీరాలి. ఇది పేరుకే సర్టిఫికెట్, నిజానికి ఫీడ్-ఇన్ టారిఫే. ప్లాంటు పెట్టినవాళ్లకు నిశ్చింత. ప్యానెళ్ల ధర పడిపోయాక కూడా హామీ అలాగే నిలిచి, భారం వినియోగదారుల మీద పేరుకుపోయింది.

భారతదేశంలో 2022 చివరి దాకా కనీస ధర అంటే ఎక్స్ఛేంజీలో అంతకంటే తక్కువకు అమ్మకూడదని మాత్రమే. ఆ ధరకు కొని తీరాల్సినవాళ్లు లేరు. కోటా ఉన్న డిస్కంలలో చాలా సంస్థలు కోటా నింపలేదు, వాటి మీద జరిమానా గట్టిగా పడలేదు. దాంతో ధర కాగితం మీద కనీస స్థాయిలో నిలబడి, సర్టిఫికెట్లు అమ్ముడుపోక పేరుకుపోయాయి. ఒక దశలో ఆ నిల్వ కోటి దాటింది. అమ్ముడుపోని సరుకుకు ఎంత ధర రాసుకుంటే ఏం లాభం? సోలార్ సర్టిఫికెట్ కనీస ధర మొదట 12,000 రూపాయలు, 2012లో 9,300, 2015లో 3,500. పాత ప్లాంట్లు దెబ్బతినకుండా వాటికి ఒక గుణకం కలిపి, అంటే ఒకటికి బదులు ఎక్కువ సర్టిఫికెట్లు ఇచ్చారు కానీ, అమ్ముడవడమన్న అసలు సమస్య అలాగే ఉండిపోయింది. 2020లో కనీస ధరను సున్నా చేయబోతే వివాదం అప్పిలేట్ ట్రైబ్యునల్‌కు వెళ్లి ట్రేడింగే ఏడాదికి పైగా ఆగిపోయింది. 2022 చివర్లో అమల్లోకి వచ్చిన కొత్త నిబంధనలు కనీస, గరిష్ఠ ధరలు రెండింటినీ ఎత్తేశాయి. సర్టిఫికెట్‌కు గడువు తీరడమన్నదీ లేకుండా చేశాయి.

జరిమానా లెక్క కూడా పైకి కనిపించినంత సూటిగా ఉండదు. ఆస్ట్రేలియాలో సర్టిఫికెట్ తక్కువైతే జరిమానా 65 డాలర్లు. మరి 2016లో సర్టిఫికెట్ 80 డాలర్లకు పైగా ఎలా అమ్ముడైంది? జరిమానాను పన్ను లెక్కల్లో ఖర్చుగా చూపించడానికి వీల్లేదు, సర్టిఫికెట్ ధరను చూపించవచ్చు. 30 శాతం కంపెనీ పన్ను లెక్కన 65 డాలర్ల జరిమానా 93 డాలర్ల సర్టిఫికెట్‌తో సమానం. అసలు పైకప్పు అదన్నమాట. బ్రిటన్‌లో ఇంకో మెలిక ఉంది. సర్టిఫికెట్లు చూపించలేనివాళ్లు కట్టిన సొమ్మును చూపించినవాళ్లకే పంచిపెట్టేవారు. కాబట్టి కొరత ఎంత ఎక్కువుంటే సర్టిఫికెట్ అంత విలువైనది, కోటా నిండితే ఆ బోనస్ మాయం. ఈ భయం పోగొట్టడానికే ఏటా అంచనా వేసిన ఉత్పత్తి కంటే 10 శాతం పైన కోటా పెట్టే పద్ధతి తర్వాత తెచ్చారు. నాకు తెలిసిన సర్టిఫికెట్ పథకాల్లో పెట్టుబడిదారును కాపాడిన అతి తెలివైన నిబంధన ఇదే: కోటా ఎప్పుడూ ఉత్పత్తి కంటే ఒక అడుగు ముందుంటుంది. ఇలాంటిది ఉన్న మార్కెట్‌ను, లేని మార్కెట్‌ను ఒకే గాటన కట్టకూడదు.

ఒకే సర్టిఫికెట్, రకరకాల టెక్నాలజీలు

మార్కెట్లో మీ పక్కన అమ్మేవాళ్లు ఎవరో కూడా చూసుకోవాలి. అందరికీ మెగావాట్-గంటకు ఒకే సర్టిఫికెట్ ఇస్తే చెత్త గుట్టల నుంచి వచ్చే గ్యాస్ లాంటి చవక పద్ధతులు అవసరానికి మించి సంపాదిస్తాయి, సముద్రంలో గాలిమరల్లాంటి ఖరీదైనవి అసలు మొదలే కావు. బ్రిటన్ 2009లో దీన్ని సరిదిద్దింది. చెత్త గ్యాస్‌కు పావు సర్టిఫికెట్, భూమ్మీది గాలికి ఒకటి, సముద్రపు గాలికి ఒకటిన్నర, తర్వాత రెండు ఇచ్చింది.

గుణకం మరీ ఉదారంగా పెడితే అనుమానించండి. రొమేనియా సోలార్‌కు మెగావాట్-గంటకు ఆరు సర్టిఫికెట్లు ఇచ్చింది. ప్లాంట్లు వెల్లువలా వచ్చాయి, కరెంటు బిల్లులు పెరిగాయి. 2013లో ప్రభుత్వం వాటిలో కొన్ని సర్టిఫికెట్ల జారీనే వాయిదా వేసింది. అప్పటికే ప్లాంటు కట్టి వాయిదాలు కడుతున్నవాళ్ల పరిస్థితి ఊహించుకోవచ్చు.

స్థిర ధర, వేలం

జర్మనీ 2000లో తెచ్చిన చట్టం ప్లాంటుకు 20 ఏళ్ల ధర రాసిచ్చింది. రైతులు, సహకార సంఘాలు, ఇళ్లవాళ్లు కూడా బ్యాంకు దగ్గరికి ఒక్క కాగితం పట్టుకెళ్లి అప్పు తెచ్చుకోగలిగారు. సర్టిఫికెట్ మార్కెట్లో ఇది జరగదు. అక్కడ ధర అంచనా వేసే మనుషులు, ట్రేడింగ్ డెస్కు, నష్టం తట్టుకునే బలం ఉన్న కంపెనీలే ఎక్కువగా మిగులుతాయి. జపాన్ 2003లో కోటాతో మొదలుపెట్టి 2012లో స్థిర ధరకు మారింది. దక్షిణ కొరియా సరిగ్గా అదే ఏడాది స్థిర ధర వదిలి కోటాకు వెళ్లింది. ఆ తర్వాత సర్టిఫికెట్ ధర ఊగిసలాడటంతో 2017లో కరెంటు, సర్టిఫికెట్ కలిపి 20 ఏళ్లకు ఒకే ధర ఖాయం చేసే ఒప్పందాలు ప్రవేశపెట్టింది. బయటికి కోటా, లోపల స్థిర ధర అన్నమాట.

స్థిర ధర అంటే రాజకీయం తాకని ధర అనుకోవద్దు. స్పెయిన్ 2008 ప్రాంతంలో సోలార్‌కు ఉదారమైన ధర ఇచ్చి, 2010 నుంచి కోతలు మొదలుపెట్టి, 2013లో మొత్తం పద్ధతినే మార్చేసింది. అప్పటికే కట్టిన ప్లాంట్లకూ ఆ కోతలు తగిలాయి, కేసులు అంతర్జాతీయ మధ్యవర్తిత్వం దాకా వెళ్లాయి. ప్రకటించిన ధర మార్కెట్ ధరకు మరీ ఎత్తున ఉంటే, అది నిలబడదేమోనన్న అనుమానం మొదటి రోజే రావాలి.

ఇప్పుడు ఎక్కువ దేశాలు వెళ్తున్నది వేలాల వైపు. బ్రిటన్ తన సర్టిఫికెట్ పథకాన్ని 2017 మార్చితో కొత్త ప్లాంట్లకు మూసేసి, తేడా ఒప్పందాల పద్ధతికి మారింది. వేలంలో ఖాయమైన ధర కంటే మార్కెట్ ధర తక్కువైతే తేడా మీకు ఇస్తారు, ఎక్కువైతే మీరు తిరిగి కట్టాలి. సముద్రపు గాలి ప్రాజెక్టులు 2017 వేలంలో మెగావాట్-గంటకు 57.50 పౌండ్లకే గెలిచాయి (2012 ధరల లెక్కన). మొదటి తరం ఒప్పందాల్లో అదే 140 నుంచి 150 పౌండ్లు. ధర ఇంతగా దిగిరావడంలో టెక్నాలజీ పాత్ర పెద్దదే, ఖాయమైన ఆదాయం మీద దొరికిన చవక అప్పుకూ అందులో వాటా ఉంది.

వేలం లోపం వేరే చోట ఉంది: గెలిస్తేనే ప్రాజెక్టు. ఓడితే సర్వేలకు, అనుమతులకు పెట్టిన ఖర్చంతా గాల్లో కలిసినట్టే. గెలవాలని మరీ తక్కువ కోట్ చేసినా ప్రమాదమే, కట్టేలోపు ఉక్కు ధరో వడ్డీయో పెరిగితే ప్రాజెక్టు నిలబడదు. 2023 బ్రిటన్ వేలంలో ప్రభుత్వం పెట్టిన గరిష్ఠ ధర గిట్టుబాటు కాదని సముద్రపు గాలి ప్రాజెక్టులు ఒక్కటీ పాల్గొనలేదు.

సర్టిఫికెట్ల వైపు న్యాయంగా చెప్పుకోవాల్సినది ఒకటుంది. 2021, 2022లో యూరప్‌లో కరెంటు ధరలు ఆకాశానికంటినప్పుడు, తేడా ఒప్పందంలో ఉన్న బ్రిటన్ ప్లాంట్లు డబ్బు వెనక్కి కట్టాల్సి వచ్చింది. పాత సర్టిఫికెట్ పథకంలో ఉన్నవాళ్లు పెరిగిన కరెంటు ధరనూ తీసుకున్నారు, సర్టిఫికెట్ డబ్బునూ తీసుకున్నారు. నష్టాన్ని మోసినవాళ్లకు లాభం కూడా దక్కాలి కదా. అయితే 2023 జనవరి నుంచి ప్రభుత్వం మెగావాట్-గంటకు 75 పౌండ్లు దాటిన ఆదాయం మీద 45 శాతం పన్ను వేసింది. కష్టకాలంలో మార్కెట్ మీదికి వదిలేసే ప్రభుత్వాలకు లాభం వచ్చినప్పుడు వాటా గుర్తొస్తుంది. లెక్కల్లో ఇది కూడా రాసుకోవాలి.

కలిపి అమ్మే ఒప్పందం

సర్టిఫికెట్ పథకం మాత్రమే ఉన్న దేశంలో ప్రాజెక్టు పెట్టాల్సి వస్తే నా సలహా ఇదే. కోటా భారం ఉన్న సరఫరా సంస్థతోనో, పచ్చ కరెంటు కావాల్సిన పెద్ద పరిశ్రమతోనో 10, 15 ఏళ్లకు కలిపి అమ్మండి. వాళ్లు మార్కెట్ ధరలో కొంత కోత పెడతారు. ఆ కోతను బీమా ప్రీమియం అనుకోండి. అయితే ఇక్కడ నష్టభయం మాయమవదు, కొనుగోలుదారు దగ్గరికి మారుతుంది. కొనుగోలుదారు దివాలా తీస్తే ఒప్పందం కాగితమే. కాబట్టి రెండు పైసలు ఎక్కువ ఇచ్చే బలహీన సంస్థ కంటే, రెండు పైసలు తగ్గించే గట్టి సంస్థ మేలు. చెల్లింపులు నెలల తరబడి ఆలస్యం చేసే చరిత్ర ఉన్న కొనుగోలుదారుకైతే బ్యాంకు గ్యారంటీ లేకుండా అమ్మవద్దు.

పూర్తిగా కట్టేసుకోవడం ఇష్టం లేకపోతే భాగం చేయవచ్చు. వాయిదాలు తీరేంత ఉత్పత్తిని దీర్ఘకాల ఒప్పందంలో పెట్టి, మిగిలిన సర్టిఫికెట్లను మూడు నాలుగేళ్ల ముందస్తు ఒప్పందాల్లోనో రోజువారీ మార్కెట్లోనో అమ్ముకోవచ్చు. ధర లేస్తే లాభం మీదే, పడితే బ్యాంకు మాత్రం ఇంటి మీదికి రాదు.

ఎవరికి ఏది

పైకప్పు సోలార్ లాంటి చిన్న యూనిట్‌కు సర్టిఫికెట్లు ఏటా అమ్ముకునే ఓపిక, తీరిక ఉండవు. ఆస్ట్రేలియా పద్ధతి ఇక్కడ మెచ్చుకోదగ్గది: రాబోయే ఏళ్ల ఉత్పత్తికి అంచనా వేసి, సర్టిఫికెట్లన్నీ బిగించిన రోజే ఇచ్చేస్తారు. ఎక్కువమంది వాటిని బిగించిన కంపెనీకే రాసిచ్చి బిల్లులో తగ్గింపు తీసుకుంటారు. ఇలాంటి ముందస్తు సర్టిఫికెట్ దొరికితే తీసుకోండి. ఏటా వచ్చే సర్టిఫికెట్, స్థిర ధర రెండూ ఉంటే కళ్లు మూసుకుని స్థిర ధర ఎంచుకోండి.

ఒకటి రెండు ప్లాంట్లున్న మధ్యతరహా కంపెనీకి ముందు స్థిర ధర లేదా వేలం, అది లేకపోతే కలిపి అమ్మే ఒప్పందం. సర్టిఫికెట్లు నేరుగా మార్కెట్లో అమ్ముకోవడం ఆఖరి మాట. సొంతంగా కోటా భారం ఉన్న పెద్ద విద్యుత్ సంస్థకైతే లెక్క పూర్తిగా వేరు. అది తన సర్టిఫికెట్లు తనే వాడుకుంటుంది, ధర పడితే ప్లాంటులో పోయింది కొనుగోలు ఖర్చులో కలిసొస్తుంది. సర్టిఫికెట్ మార్కెట్ ఎవరికోసం పుట్టిందా అనిపిస్తే, ఇదిగో వీళ్లకోసమే. ఇంకా ఖరీదైన, కొత్త టెక్నాలజీ పట్టుకున్నవాళ్లు గుణకం గట్టిగా లేని సర్టిఫికెట్ మార్కెట్ వైపు చూడనే కూడదు.

అప్పు తీరిపోయిన పాత ప్లాంటు ఉంటే మాత్రం పై సలహాలన్నీ పక్కన పెట్టవచ్చు. సర్టిఫికెట్‌కు ఎంత వచ్చినా అది పై డబ్బే, రోజువారీ మార్కెట్లో ధైర్యంగా అమ్ముకోవచ్చు. కాకపోతే పథకం గడువు చూసుకోండి. బ్రిటన్‌లో సాధారణంగా ప్లాంటుకు 20 ఏళ్లే సర్టిఫికెట్లు ఇస్తారు, 2006 మధ్యకు ముందే చేరిన తొలి ప్లాంట్లకు మాత్రం గడువు 2027 మార్చి.

ఒప్పందం రాసేటప్పుడు

చట్టం మారి కోటా తగ్గినా, గుణకం మారినా ధర ఎవరి లెక్కన సవరించాలో స్పష్టంగా రాయించుకోండి. ఆస్ట్రేలియాలో 2014లో పథకాన్ని సమీక్షించారు, 2015లో 2020 లక్ష్యాన్ని 41,000 నుంచి 33,000 గిగావాట్-గంటలకు తగ్గించారు. నిర్ణయం తేలేదాకా పెద్ద ప్రాజెక్టులకు అప్పు దొరకడమే గగనమైంది. ఇలాంటి విరామం వస్తే పని మొదలుపెట్టాల్సిన గడువు ఆగాలని ఒప్పందంలో ఉండాలి. సర్టిఫికెట్ జారీ ఆలస్యమైతే కరెంటు డబ్బు ఆపకూడదన్న షరతు కూడా పెట్టండి. మీటరు రీడింగ్ తర్వాత సర్టిఫికెట్ ఖాతాలోకి రావడానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది.

ఇంకో పంక్తి చాలామంది వదిలేస్తారు. ఇవాళ ఒకే సర్టిఫికెట్ ఉంది, రేపు ప్రభుత్వం గంట గంటకూ లెక్కించే సర్టిఫికెట్ తేవచ్చు, కార్బన్ క్రెడిట్ కలపవచ్చు, ఇప్పుడు పేరే లేని ఇంకోటి పుట్టవచ్చు. "ఈ ప్లాంటు నుంచి పుట్టే అన్ని పర్యావరణ హక్కులు కొనుగోలుదారువే" అని రాసి ఉంటే అవన్నీ ఉచితంగా పోయినట్టే. ఒప్పంద తేదీ నాటికి చట్టంలో ఉన్న సర్టిఫికెట్లు మాత్రమే అమ్ముతున్నామని, తర్వాత వచ్చేవాటిని విడిగా మాట్లాడుకుంటామని రాయించుకోండి. కొనుగోలుదారు ఒప్పుకోకపోతే, ఆ హక్కు ఇచ్చినందుకు కోతలో కొంతైనా తగ్గించమని బేరమాడండి.